భయం ఒకరిది, స్కాన్ అవసరం ఇంకొకరిది

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 44, మా వారికి 47. ఇద్దరికీ చెప్పుకోదగ్గ జబ్బులేమీ లేవు. ఆయనకు బీపీ కాస్త ఎక్కువగా ఉంటోంది, కొలెస్ట్రాల్ గీత మీద ఉందన్నారు, మందులింకా మొదలుపెట్టలేదు. రెండు నెలల క్రితం ఆయన స్నేహితుడొకాయన, ఈయన ఈడువాడే, పాంక్రియాస్ క్యాన్సర్‌తో పోయారు. జబ్బు బయటపడ్డాక నాలుగు నెలలు కూడా లేరు. అప్పట్నుంచి ఈయనకు సరిగ్గా నిద్ర లేదు. ఈమధ్య ఏదో ప్రకటన చూసి, తల నుంచి తొడల దాకా ఒకేసారి తీసే ఫుల్ బాడీ సీటీ స్కాన్‌కి మా ఇద్దరి పేర్లూ రాయించి వచ్చారు. ఏ బాధా లేకుండా స్కాన్ ఎందుకండీ అంటే, "బాధ వచ్చేదాకా ఆగితే వాడిలాగే అవుతుంది" అంటున్నారు. ఇకమీదట ఏడాదికోసారి చేయించుకుందామట. ముందే తెలిస్తే మంచిదే కదా అని నాకూ అనిపిస్తోంది, రేడియేషన్ అంటే భయమూ వేస్తోంది. మా మామయ్య గారికి 68. ముప్పై ఏళ్లకు పైగా రోజుకో పెట్టె సిగరెట్లు కాల్చి, ఐదేళ్ల క్రితం మానేశారు. ఆయన్నీ రమ్మంటే "ఈ వయసులో నాకెందుకమ్మా" అని తప్పించుకున్నారు. మేమిద్దరం వెళ్లి చేయించుకోమంటారా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో సీటీ స్కాన్ గురించి ఆలోచించాల్సిన మనిషి ఒకరున్నారు. అది మీ వారు కాదు, మీరూ కాదు. ఆ సంగతికి తర్వాత వస్తాను. ముందు మీ వారి భయం గురించి మాట్లాడాలి. అది కాస్తయినా తగ్గకపోతే నేనేం చెప్పినా ఆయన చెవికెక్కదు.

ఏడాది ముందు స్కాన్ తీసుంటే స్నేహితుడు బతికేవాడు కదా అన్నదే ఆయన్ని తినేస్తున్నట్టుంది. బతికేవాడని నేను చెప్పలేను. పాంక్రియాస్, అంటే క్లోమం, పొట్టలో బాగా వెనక్కి, వెన్నుకు దగ్గరగా ఉంటుంది. గడ్డ చిన్నగా ఉన్నప్పుడు చుట్టూ ఉన్న కండలో కలిసిపోయి కనిపించదు. దాన్ని విడిగా చూడాలంటే నరంలోకి అయొడిన్ ఉన్న కాంట్రాస్ట్ మందు ఎక్కించి, అది క్లోమానికి చేరే వేళకు సరిగ్గా బొమ్మలు తీయాలి. ప్రకటనల్లో చూపించే ఫుల్ బాడీ స్కాన్లు చాలావరకు కాంట్రాస్ట్ లేకుండా తీసేవే. అంటే మీ వారు ఏ జబ్బుకు భయపడి పేరు రాయించారో, ఆ జబ్బును తొలిదశలో పట్టడం ఆ స్కాన్‌కు అంతగా చేతకాదు. అమెరికాలో స్క్రీనింగ్ పరీక్షల మంచిచెడ్డలు తూచి చెప్పే ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్ అని ఒకటుంది. లక్షణాలేమీ లేని మామూలు మనుషులకు పాంక్రియాస్ క్యాన్సర్ కోసం స్క్రీనింగ్ వద్దని అది 2019లో మరోసారి చెప్పింది. దగ్గరి రక్తసంబంధీకుల్లో ఒకరికంటే ఎక్కువమందికి ఆ జబ్బు వచ్చినవాళ్ల సంగతి, కొన్ని జన్యుమార్పులు పుట్టుకతో వచ్చినవాళ్ల సంగతి వేరు. వాళ్లను ఎమ్మారైతో, ఎండోస్కోపీ గొట్టం ద్వారా చేసే అల్ట్రాసౌండ్‌తో నిపుణులు కనిపెట్టుకుని ఉంటారు. స్నేహితుడికి వచ్చినంత మాత్రాన మీ వారికి ముప్పు వెంట్రుకవాసి కూడా పెరగలేదు. పెరిగింది భయమే. నాలుగు నెలల్లో ఈడువాణ్ణి పోగొట్టుకున్న మనిషికి ఆ భయం రాకపోతేనే ఆశ్చర్యపోవాలి.

సీటీ యంత్రం మీద నాకు చిన్నచూపేమీ లేదు. నా వృత్తి జీవితమంతా దాని పక్కనే గడిచింది. 1971 అక్టోబరు 1న లండన్‌లోని ఆట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో, మెదడులో గడ్డ ఉందేమోనని అనుమానమున్న ఒక మహిళకు మొట్టమొదటి సీటీ తీశారు. దాన్ని తయారుచేసిన గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్‌కు, దాని వెనకున్న లెక్క కట్టిన అలన్ కార్మాక్‌కు 1979లో నోబెల్ వచ్చింది. చూడండి, ఆ మొదటి స్కాన్‌కే ముందు ఒక ప్రశ్న ఉంది: ఈమె తలలో గడ్డ ఉందా, లేదా? ఈ రోజుకీ సీటీ బాగా పనిచేసేది అలాంటి ప్రశ్న ఉన్నప్పుడే. మీ వారికి రేపు తగ్గని కడుపునొప్పి వచ్చినా, కారణం లేకుండా బరువు తగ్గినా, కళ్లు పచ్చబడ్డా, దగ్గులో రక్తం పడ్డా, రేడియేషన్ సంగతి పక్కన పెట్టి ఆ రోజే డాక్టరు చెప్పిన స్కాన్ తీయించమంటాను. దాన్ని స్క్రీనింగ్ అనరు. ఏ ప్రశ్నా లేకుండా, ఒంట్లో ఎక్కడో ఏదో ఉందేమో చూద్దాం అని వెళ్లడమే స్క్రీనింగ్. అక్కడే లెక్క తిరగబడుతుంది.

"ముందే తెలిస్తే మంచిదే కదా" అన్నారు. వినగానే ఎవరైనా ఒప్పుకునే మాటే. కానీ ముందే కనబడిన ప్రతిదీ ముందే నయమవుతుందని ఏమీ లేదు. స్టేషన్‌లో నిలబడి రైలు కోసం చూసేవాడికి రైలు ప్లాట్‌ఫామ్ మీదకొచ్చాక కనబడుతుంది. మిద్దె ఎక్కి చూసేవాడికి దాని దీపం పది నిమిషాల ముందే కనబడుతుంది. రైలు మాత్రం రావాల్సిన వేళకే వస్తుంది. కొన్ని క్యాన్సర్లు అంతే. స్కాన్ వల్ల రెండేళ్ల ముందు తెలిసి, చివరికి పోయే రోజు మారకపోతే, ఆ రోగి "జబ్బు తెలిశాక మూడేళ్లు బతికాడు" అని కాగితం మీద కనిపిస్తుంది. నిజానికి దక్కింది అదనపు ఆయుష్షు కాదు, రోగిగా గడిపిన అదనపు రెండేళ్లు. ప్రకటనల్లో కనిపించే "ముందే కనుక్కుంటే ఇన్నేళ్లు బతుకుతారు" అన్న లెక్కల్ని నేను అనుమానంగా చూసేది ఇందుకే. స్క్రీనింగ్ చేయించుకున్న గుంపులో, చేయించుకోని గుంపు కంటే ఆ జబ్బుతో చనిపోయినవాళ్లు తక్కువున్నారా అన్నదే అసలు పరీక్ష.

దీనికి అవతలి వైపు ఇంకో చిక్కు ఉంది. కొన్ని క్యాన్సర్లు ఎప్పటికీ ఇబ్బంది పెట్టవు. మనిషి తొంభై ఏళ్లు బతికి వేరే కారణంతో పోతాడు, ఆ గడ్డ లోపల ఉన్నట్టు ఎవరికీ తెలియదు. కనబడిందో, ఊరుకోలేం. దక్షిణ కొరియాలో సాధారణ ఆరోగ్య పరీక్షలతో పాటు థైరాయిడ్‌కి అల్ట్రాసౌండ్ తీయడం అలవాటుగా మారింది. 1993తో పోలిస్తే 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ అని తేలినవాళ్లు 15 రెట్లయ్యారు. ఆ క్యాన్సర్‌తో చనిపోయేవాళ్ల సంఖ్య మాత్రం కదల్లేదు. తేలినవాళ్లలో ఎక్కువమంది గ్రంథి తీయించుకుని జీవితాంతం మాత్ర వేసుకునే స్థితికి వచ్చారు. అది సీటీ కథ కాదు, నిజమే. కానీ వెతికే కొద్దీ దొరకడం అనేది ఏ యంత్రంతోనైనా జరిగేదే.

ఇక స్కాన్‌లో రోజూ మాకు ఎదురయ్యేది క్యాన్సర్ కూడా కాదు. "ఇదేమిటో" అనిపించేవి. 2005లో ఒక రేడియాలజీ పత్రికలో ఫుల్ బాడీ సీటీ చేయించుకున్న 1,192 మంది రిపోర్టులను పరిశీలించిన అధ్యయనం వచ్చింది. వాళ్లలో 86 శాతం మందికి కనీసం ఒక తేడా కనబడింది. 37 శాతం మందికి "మరో పరీక్ష చేయించుకోండి" అని రాశారు. అంటే నడివయసు మనిషి ఆ యంత్రంలోంచి "అంతా బాగుంది" అన్న కాగితంతో బయటికి రావడమే అరుదు. కిడ్నీలో నీటితిత్తి, కాలేయంలో రక్తనాళాల ముద్ద, ఊపిరితిత్తిలో మిరియపు గింజంత మచ్చ, వెన్నులో అరుగుదల, పిత్తాశయంలో రాయి. తల నెరవడం ఎలాగో ఇవీ అలాగే, చాలావరకు వయసు గుర్తులు. తల నెరిసిందని ఎవరూ మనకు రిపోర్టు రాసివ్వరు, అంతే తేడా.

ఒకాయన నాకు బాగా గుర్తు. మీ వారిలాగే ఏ బాధా లేకుండా, తోటివాళ్లు చేయించుకుంటున్నారని స్కాన్ చేయించుకున్నారు. కిడ్నీ మీద టోపీలా కూర్చునే ఎడ్రినల్ గ్రంథిలో రెండు సెంటీమీటర్ల కంతి కనబడింది. ఇది చాలా మామూలు విషయం. పొట్ట సీటీ తీసిన ప్రతి వందమందిలో నలుగురికి ఇలాంటిది కనబడుతుంది, అందులో అత్యధికం ఏ హానీ చెయ్యని కొవ్వు కంతులు. కానీ రిపోర్టులో "క్యాన్సర్ కాదని చెప్పలేం" అన్న ధోరణిలో ఒక వాక్యం ఉంది. మేం అలా రాయకపోతే రేపు మా మెడకు చుట్టుకుంటుంది కాబట్టి రాస్తాం, ఒప్పుకుంటున్నాను. ఆ ఒక్క వాక్యం పట్టుకుని ఆయన హార్మోన్ల రక్తపరీక్షలు, ఇరవై నాలుగ్గంటల మూత్రపరీక్ష, మరో సీటీ, ఆరు నెలలాగి ఇంకో సీటీ చేయించుకున్నారు. ఏడాదికి పైగా పట్టింది. చివరికి తేలింది కొవ్వు కంతే. సంతోషించాలి కదా? ఆయన మాత్రం నన్నడిగింది, "మళ్లీ పెరిగితే?" అని. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటారు, ఇక్కడ ఆ ఎలుకను పట్టుకున్నా మనశ్శాంతి రాలేదు.

ఆయనకు అదృష్టం కొద్దీ సూది పెట్టే అవసరం రాలేదు. ఊపిరితిత్తిలో మచ్చయితే ఒక్కోసారి వస్తుంది. ఛాతీలోంచి సూది పంపి ముక్క తీసినప్పుడు వందలో సుమారు పదిహేను మందికి గాలి లీకై ఊపిరితిత్తి కొంత కుంచించుకుపోతుంది. వాళ్లలో కొందరికి గొట్టం వేసి ఆసుపత్రిలో ఉంచాల్సి వస్తుంది. జబ్బు ఉన్నవాడికి ఆ ముప్పు తీసుకోవడం సబబే. జబ్బు లేనివాడికి అది గోరుచుట్టు కూడా లేకుండా పడే రోకటిపోటు.

"అంతా బాగుంది" అని వచ్చినా నాకు దిగులే, అదీ చెప్పాలి. ఫుల్ బాడీ అన్న పేరు విని ఒళ్లంతా చూసేశారనుకుంటాం. రొమ్ము క్యాన్సర్‌ను, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను, ప్రోస్టేట్‌లో తొలి మార్పులను మామూలు సీటీ నమ్మకంగా పట్టలేదు. పేగు శుభ్రం చేసుకోకుండా తీస్తే పేగు లోపలి గోడ మీద మొలిచే చిన్న బుడిపెలు, అంటే పాలిప్స్, కనబడవు. బీపీ, షుగర్, రక్తహీనత స్కాన్‌లో కనబడేవే కావు. మీ వారి కాగితంలో ఏ తేడా లేదని వస్తే ఆ బీపీ సంగతి ఇంకో రెండేళ్లు మర్చిపోతారు. ఇది చాలామందిలో చూశాను.

మీరు అడిగిన రేడియేషన్ గురించి. కొలత పేరు మిల్లీసీవర్ట్. నేల నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి మనకు తెలియకుండానే ఏడాదికి ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్ట్లు తగులుతూనే ఉంటాయి. ఛాతీ ఎక్స్‌రే ఒకటి అందులో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. ఫుల్ బాడీ సీటీ, యంత్రాన్నీ మనిషి ఒడ్డూ పొడుగునూ బట్టి, 10 నుంచి 20 దాకా వెళ్తుంది. మందులనూ వైద్య పరికరాలనూ నియంత్రించే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ చెప్పే అంచనా ఇది: 10 మిల్లీసీవర్ట్ల స్కాన్ వల్ల ప్రాణం తీసే క్యాన్సర్ వచ్చే అవకాశం 2,000 మందిలో ఒకరికి. ఆ 2,000 మందిలో ఎలాగూ సుమారు 400 మంది క్యాన్సర్‌తోనే పోతారు కాబట్టి అది 401 అవుతుంది. ఒక్కసారికైతే చాలా చిన్న ముప్పు, దానికోసం రాత్రి నిద్ర మానుకోవద్దు. ఈ లెక్కలు హిరోషిమా, నాగసాకి బాంబుల నుంచి బతికి బయటపడ్డవాళ్లను దశాబ్దాల పాటు గమనించి కట్టినవి. ఇంత తక్కువ మోతాదుకు అవి ఎంతవరకు వర్తిస్తాయన్న వాదన శాస్త్రవేత్తల్లో ఇంకా నడుస్తూనే ఉంది.

నాకు అసలు టెన్షన్ పుట్టించింది "ఏడాదికోసారి" అన్న మాట. 2004లో ఇద్దరు పరిశోధకులు సరిగ్గా దీన్నే లెక్కగట్టారు. 45 ఏళ్ల మనిషి ఒక్కసారి ఫుల్ బాడీ సీటీ చేయించుకుంటే, దానివల్ల క్యాన్సర్‌తో పోయే ముప్పు 1,250 మందిలో ఒకరికి. అదే మనిషి 75 ఏళ్లు వచ్చేదాకా ఏటా చేయించుకుంటే 50 మందిలో ఒకరికి. అవతల లాభం రుజువై ఉంటే ఈ ముప్పునూ భరించవచ్చునేమో. లక్షణాలు లేనివాళ్లకు ఫుల్ బాడీ సీటీ ఆయుష్షు పెంచుతుందని రుజువు ఇంతవరకూ లేదు. అమెరికా రేడియాలజిస్టుల కాలేజీ, అంటే ఈ స్కాన్లు తీసి రిపోర్టులు రాసేవాళ్ల సంఘమే, దీన్ని సమర్థించేంత ఆధారం లేదంటోంది. బ్రిటన్‌లో రేడియేషన్ మీద ప్రభుత్వానికి సలహాలిచ్చే కోమేర్ అనే కమిటీ 2007లో ఇంకో అడుగు ముందుకేసి, ఏ లక్షణాలూ లేనివాళ్లకు ఇలాంటి స్కాన్లు తీసే కేంద్రాలు ఆ పని మానేయాలని సిఫారసు చేసింది.

"అయితే ఎమ్మారై చేయించుకుంటా, దాంట్లో రేడియేషన్ లేదుగా" అంటారేమో మీ వారు. రేడియేషన్ లేదు, నిజమే. ఆ మచ్చలూ, తిత్తులూ, మళ్లీ పరీక్షలూ మాత్రం అక్కడా తప్పవు.

ఇప్పుడు మీ మామయ్య గారి దగ్గరికి వద్దాం.

సీటీ స్క్రీనింగ్ ప్రాణాలు కాపాడుతుందని గట్టిగా రుజువైన చోటు ఒకటుంది: ఎక్కువకాలం పొగతాగినవాళ్ల ఊపిరితిత్తులు. అదీ మామూలు సీటీ కాదు, లో డోస్ సీటీ. కాంట్రాస్ట్ ఉండదు, సూది ఉండదు, ఒక్క ఊపిరి బిగబట్టేలోగా అయిపోతుంది, మోతాదు సుమారు 1.5 మిల్లీసీవర్ట్లే. అమెరికాలో 53 వేల మందికి పైగా మీద చేసిన ఎన్‌ఎల్‌ఎస్‌టీ అనే అధ్యయనం ఫలితాలు 2011లో వచ్చాయి. 55 నుంచి 74 ఏళ్ల వయసున్న, బాగా పొగతాగిన మనుషుల్ని రెండు గుంపులు చేసి, ఒకరికి ఏటా లో డోస్ సీటీ, ఇంకొకరికి ఏటా ఛాతీ ఎక్స్‌రే, మూడేసి సార్లు తీశారు. సీటీ గుంపులో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు 20 శాతం తగ్గాయి. ఆ తర్వాత యూరప్‌లో జరిగిన నెల్సన్ అధ్యయనం 2020లో ఇదే మాట చెప్పింది. పదేళ్లు గమనిస్తే మగవాళ్లలో 24 శాతం తగ్గుదల.

ఇరవై శాతం అంటే వినడానికి చాలా పెద్దది. విడమరిచి చెప్పకపోతే నేనూ ప్రకటన రాసినవాణ్ణే అవుతాను. అలాంటి వెయ్యిమందిని తీసుకుంటే, ఎక్స్‌రే గుంపులో ఆ ఆరేడేళ్లలో సుమారు 21 మంది ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోతే, సీటీ గుంపులో 18 మంది. వెయ్యికి ముగ్గురు దక్కారు. ఆ ముగ్గురి కోసం మిగిలినవాళ్లు పడిన హైరానా కూడా ఉంది. మూడు రౌండ్లలో తీసిన సీటీల్లో నాలుగో వంతుకు దగ్గరగా "అనుమానం" అని వచ్చాయి, వాటిలో 96 శాతం చివరికి క్యాన్సర్ కాదని తేలాయి. ఇంత చెప్పాక కూడా, 68 ఏళ్ల వయసు, ముప్పై ఏళ్ల పెట్టె లెక్క, మానేసి ఐదేళ్లు అంటే, ఈ బేరం ఆయన వైపే మొగ్గుతుందని నా అభిప్రాయం. 2021లో సవరించిన అమెరికా టాస్క్‌ఫోర్స్ సూచన ప్రకారం 50 నుంచి 80 ఏళ్లలోపు వయసుండి, రోజుకో పెట్టె చొప్పున ఇరవై ఏళ్లు కాల్చినంత లెక్క ఉండి, ఇప్పటికీ తాగుతున్నవాళ్లు, లేదా మానేసి 15 ఏళ్లు దాటనివాళ్లు ఏటా చేయించుకోవాలి. రోజుకు రెండు పెట్టెలైతే పదేళ్లకే ఆ లెక్క నిండుతుంది. దేశాన్ని బట్టి ఈ హద్దులు కాస్త అటూ ఇటూ ఉంటాయి. మీ మామయ్య గారు ఎలా చూసినా హద్దు లోపలే ఉన్నారు.

అయితే ఆయన్ని చెయ్యి పట్టి లాక్కెళ్లొద్దు. "ఈ వయసులో నాకెందుకు" అన్న మాటలో సగం భయం ఉండొచ్చు, సగం నిజమైన అభిప్రాయం ఉండొచ్చు. విడదీసి అడగండి. చిన్న గడ్డ దొరికితే ఆపరేషన్‌కు ఒప్పుకుంటారా, గుండె, ఊపిరి దానికి తట్టుకునేలా ఉన్నాయా అన్నది స్కాన్‌కు ముందే డాక్టరుతో కూర్చుని మాట్లాడుకోవాలి. ఏదొచ్చినా ఆపరేషన్ వద్దు అని ఆయన గట్టిగా అనుకుంటే స్కాన్ తీసి ఆయన్ని బాధపెట్టడంలో అర్థం లేదు. మెట్లెక్కితే ఆయాసం, తగ్గని దగ్గు, గొంతు మారడం లాంటివి ఇప్పటికే ఉంటే ఈ స్క్రీనింగ్ మాట వదిలేసి నేరుగా చూపించండి. మొన్నెప్పుడో ఛాతీ ఎక్స్‌రే బాగానే వచ్చిందని ఆయన అంటే, దాన్ని పట్టుకుని ఊరుకోవద్దు. ఎక్స్‌రేతో స్క్రీనింగ్ చేసినందువల్ల ఈ క్యాన్సర్ మరణాలు తగ్గలేదని 2011లోనే తేలింది.

ఆయన ఒప్పుకుని వెళితే, ఏదో ఒక మచ్చ కనబడే అవకాశం బాగానే ఉందని ముందే చెప్పి తీసుకెళ్లండి. ఆరు మిల్లీమీటర్ల లోపు గట్టి మచ్చ మొదటి స్కాన్‌లో ఉంటే చాలావరకు చేసేదేమీ ఉండదు, మళ్లీ ఏడాదికి రమ్మంటారు. కాస్త పెద్దదైతే ఆరు నెలలకో, మూడు నెలలకో మరో లో డోస్ స్కాన్. క్యాన్సర్ అయితే పెరుగుతుంది, పాత గాయం మచ్చయితే అలాగే ఉంటుంది. అందుకే మా పనిలో సగం ఎదురుచూడటమే. ఆ మూడు నెలలు ఇంట్లోవాళ్లకు ఎలా ఉంటాయో నాకు తెలుసు. మామయ్య గారి పొగ ఇన్నాళ్లూ మేమూ పీల్చాం కదా అని మీకు అనుమానం రావచ్చు. ఆ ఒక్క కారణంతో ఈ స్కాన్ చేయించుకోమని నేను మీకు చెప్పను.

మీ వారి విషయానికి మళ్లీ వస్తే, ఆయనకు ఉపయోగపడే సీటీ ఒకటి ఉంటే ఉండొచ్చు. అది ఆయన అనుకుంటున్నది కాదు, గుండెది. కరోనరీ క్యాల్షియం స్కోర్ అంటారు. గుండెకు రక్తం తెచ్చే నాళాల గోడల్లో ఎంత సున్నం పేరుకుందో లెక్కపెడతారు. 1990లో ఆర్థర్ అగాట్‌స్టన్ బృందం కట్టిన లెక్క ఇప్పటికీ వాడుకలో ఉంది. కాంట్రాస్ట్ అక్కర్లేదు, మోతాదు ఒక మిల్లీసీవర్ట్ అటూ ఇటూ. దీన్ని కూడా ఊరికే చేయించుకోకూడదు. ముందు డాక్టరు ఆయన వయసు, బీపీ, కొలెస్ట్రాల్, షుగర్, కుటుంబ చరిత్ర చూసి రాబోయే పదేళ్లలో గుండెపోటు ముప్పు ఎంతో అంచనా కడతారు. ముప్పు బాగా తక్కువైతే స్కాన్ వద్దు, బాగా ఎక్కువైతే స్కాన్‌తో పనిలేకుండానే కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర రాస్తారు. మధ్యలో ఊగిసలాడేవాళ్లకే ఇది. స్కోర్ సున్నా వస్తే, పొగతాగే అలవాటు, షుగర్ లాంటివి లేకపోతే, మాత్రను కొన్నాళ్లు వాయిదా వేసుకోవచ్చు. వంద దాటితే మాత్ర మొదలుపెట్టడమే మంచిది. ఎక్కువ స్కోర్ వచ్చిందని ఏ నొప్పీ లేనివాణ్ణి ఎవరైనా వెంటనే స్టెంట్ అంటూ తొందరపెడితే మాత్రం ఇంకో డాక్టరును అడగండి.

పేగు క్యాన్సర్‌కు సీటీ కాలనోగ్రఫీ అని ఇంకొకటుంది, అయిదేళ్లకోసారి. మలపరీక్షకు, గొట్టంతో పేగు లోపల చూసే కొలనోస్కోపీకి అది ప్రత్యామ్నాయం మాత్రమే. చాలాచోట్ల 45 లేదా 50 ఏళ్లకు ఈ పరీక్షలు మొదలవుతాయి కాబట్టి మీ వారు ఏదో ఒకటి ఎంచుకునే వయసులోనే ఉన్నారు. మీ విషయంలో మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే), గర్భాశయ ముఖద్వార పరీక్ష ఆఖరుసారి ఎప్పుడు చేయించుకున్నారో మీ ఉత్తరంలో లేదు. ఈ రెండూ లేకుండా ఫుల్ బాడీ సీటీకి వెళ్లడమంటే వీధి తలుపు తీసి ఉంచి కిటికీలకు గడియ పెట్టుకోవడమే.

కాబట్టి అమ్మా, మీ ఇద్దరి పేర్లూ తీసేయించమంటాను. మీ వారు మొండికేస్తే పోట్లాడకండి, ఆ కేంద్రానికి ఆయన చేతే ఫోన్ చేయించండి. మోతాదు ఎన్ని మిల్లీసీవర్ట్లు? కాంట్రాస్ట్ ఇస్తారా? ఏదైనా మచ్చ కనబడితే తర్వాత దాన్ని చూసుకునే డాక్టరు ఎవరు, మీరా మేమా? ఈ మూడోదానికి సరైన జవాబు దొరకడం చాలా కష్టం, ఆయనకే అనుమానం మొదలవుతుంది. స్కాన్‌కని పెట్టుకున్న ఆ రోజునే మీ మామూలు డాక్టరు దగ్గరికి వెళ్లి బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూపించుకోండి. రెండు నెలలుగా నిద్ర లేదన్న సంగతి ఆ గదిలో మీరైనా చెప్పండి, మగవాళ్లు అది చెప్పరు. స్నేహితుడి గురించి ఆయన ఎవరితోనైనా మాట్లాడారా? ఏ స్కానూ ఆ బరువు దించదు.

మామయ్య గారితో వెళ్లే రోజున, ఆయనకు ఇంతకుముందు ఎప్పుడైనా, ఏ కారణానికైనా ఛాతీ సీటీ తీసుంటే, రిపోర్టు కాగితంతో పాటు ఆ బొమ్మలున్న సీడీని కూడా వెతికి పట్టుకెళ్లండి. ఇప్పుడు కనబడిన మచ్చ నాలుగేళ్ల కిందటి బొమ్మలోనూ అంతే ఉందని తేలితే, ఆ మూడు నెలల ఎదురుచూపు చాలావరకు అదే రోజు తప్పిపోతుంది.